ఇరవై ఎనిమిదో మైలు

డెబ్బై నాలుగు జూన్‌లో లాకుల ఊరి అప్పర్ ప్రైమరీ స్కూల్లో నాకు లెక్కల మాస్టారి ఉద్యోగం వచ్చింది. పామర్రులో బస్సు దిగి చాలా దూరం నడిస్తే గాని ఆ ఊరు రాదు. కాలువకి అడ్డంగా ఇనుప తలుపులున్న లాకు ఉండబట్టి ఆ పేరు. బెజవాడలో కాలువ మొదలైన చోటు నుంచి లెక్కేస్తే అది ఇరవై రెండో మైలు. మా ఊరు ఇరవై ఎనిమిదో మైలు, అంటే కాలువకి కొస. మధ్యనున్న ఆరు మైళ్లూ గట్టు మీద రోజూ సైకిలు తొక్కేవాణ్ణి.

మా నాన్న లాజరు రెండున్నర ఎకరాలు కౌలుకి చేసేవాడు. కిందటేడు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఊడ్పులు ఆలస్యమయ్యాయి. పొట్ట మీదున్న చేను గాలివానకి పడిపోయింది. అందుకని కామందు ఈ ఏడు ముందే చెప్పేశాడు.

"లాజరూ, ఈసారి కూడా అందరికంటే వెనక ఊడిస్తే చేను ఇంకోళ్లకిచ్చేస్తా. తర్వాత నన్ననుకోవద్దు."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ మళ్లీ అనలేదు గాని, అన్నం తినేటప్పుడు కూడా మా మధ్యనే ఉండేది. కొడుక్కి ఉద్యోగం వచ్చింది గదా అనుకోవచ్చు ఎవరైనా. నాది టెంపరరీ పోస్టు, మార్చి దాకా ఉంటే ఉన్నట్టు. పైగా నాన్నకి చేను బతుకుతెరువు ఒక్కటే కాదు. పొద్దున్నే లేచి ఎటు నడవాలో చెప్పేది అదే.

స్కూల్లో ఏడో తరగతికి ముప్పై నలుగురు. జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష రాయాల్సిన తరగతి. లెక్కల పీరియడు మొదలవగానే సగంమందికి దాహం వేసేది, మిగతా సగానికి కడుపునొప్పి. మొదటివారం త్రైరాశికం మొదలుపెట్టాను. పదిమంది కూలీలు ఒక గోడని ఆరు రోజుల్లో కడితే పదిహేనుమంది ఎన్ని రోజుల్లో కడతారని పుస్తకంలో లెక్క.

"మధ్యలో వాన పడితేనో సార్?" అన్నాడు వెనక వరసలోంచి ఒకడు.

"లెక్కలో వాన లేదు. కూర్చో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లెక్క మాత్రం ఎవరికీ రాలేదు.

ఆ సాయంత్రం కొట్లో పిల్లలు కొందరు బెల్లం పొట్లం విప్పి, బెల్లం ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో కాగితం పట్టుకుని చదువుతూ కనపడ్డారు. పాత పేపరు ముక్క. క్రికెట్ ఆటలో ఎవరెన్ని పరుగులు చేశారో అందులో ఉంది. సగటు అనే మాట తెలియకుండానే ఇద్దరు ఆటగాళ్లలో ఎవరు మెరుగో తేల్చేశారు, వాదించుకుని. నేను సైకిలు దిగి చాలాసేపు విన్నాను. మర్నాడు క్లాసులో, రేపు ప్రతివాళ్లూ ఒక పొట్లం కాగితం తేవాలన్నాను. అంకె ఉన్న కాగితం ఏదైనా సరే.

తెచ్చారు. పసుపు మరకలతో, నూనె మరకలతో, ఒక కాగితంలో ఇంకా నాలుగు ధనియాలతో. సినిమా ప్రకటనల్లో రోజుకి ఎన్ని ఆటలో, ఎన్ని వారాలు ఆడిందో ఉంటే మొత్తం ఎన్ని ఆటలో కట్టారు. బెజవాడలో ఎండ ఎంతో, బందరులో వాన ఎంతో కూడి భాగించారు. దాహాలు తగ్గాయి. హెడ్మాస్టరు రామకోటేశ్వరరావు గారు ఒకరోజు గుమ్మంలో నిలబడి లోపలికి చూశారు.

"అంతోని గారూ, ఇది బడా, చిత్తుకాగితాల కొట్టా?"

"లెక్కలేనండి."

"లెక్కలైతే సరే. ఇన్స్పెక్టరు గారు వచ్చిన రోజున మాత్రం ఊడ్పించండి" అని వెళ్లిపోయారు. మర్నాటి నుంచి తన పేపరు చదివాక మా క్లాసుకి పంపించేవారు.

జూన్ ఆఖర్లో కాలువలకి నీళ్లు వదిలారు. మంగళవారం వదిలితే బుధవారం పేపర్లో వచ్చింది. పంచాయతీ ఆఫీసు మీద మైకుకి కలిపిన రేడియో ఉండేది. సాయంత్రం రైతుల కార్యక్రమం చివర, ఏ కాలువలో నీళ్లు ఎన్నో మైలు దాకా వచ్చాయో చెప్పేవారు. ఆ అంకె రాసుకురమ్మన్నాను పిల్లల్ని. పాత క్యాలెండర్లు వెనక్కి తిప్పి అంటించి, గోడకి పెద్ద గ్రాఫు కట్టాం. అడ్డంగా రోజులు, నిలువుగా మైళ్లు. బుధవారం నాలుగు. గురువారం ఎనిమిది. శుక్రవారం పన్నెండు. అలా వరసలో పడుతున్న చుక్కల్ని చూస్తుంటే వాటిని నేనే నడిపిస్తున్నట్టనిపించింది.

శనివారం ఒంటిపూట బడి. మూడు రోజుల్లో పన్నెండు మైళ్లు వచ్చిన నీరు ఇరవై ఎనిమిది మైళ్లు ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగాను. చేతులన్నీ లేచాయి. ఏడు రోజులు. కూలీల గోడ కట్టలేని పిల్లలు నీళ్లని మా ఊరికి తెచ్చేశారు. నేను స్కేలు ఆనించి గీతని పొడిగించాను. అది మంగళవారం దగ్గర ఇరవై ఎనిమిదో మైలుని తాకింది. అక్కడ ఎర్ర సిరాతో గుణకారం గుర్తు పెట్టాను.

మూడో వరసలోంచి సీతారావమ్మ లేచింది. లాకు తలుపులు ఎత్తి దించే లస్కరు పుల్లయ్య కూతురు. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు.

"రావు సార్."

"ఏం?"

"ఇక్కడ ఆగుతాయి. లాకు తలుపులు దించేస్తారు. ఎగువ తూములకి నీళ్లెక్కాలిగా. నాలుగు రోజులు ఆపుతారు, ఒక్కో ఏడు ఐదు."

నేను హాస్టల్లో పెరిగినవాణ్ణి. కాలువ కొసన పుట్టినా కాలువ సంగతి నాకంతగా తెలియదు. తెలియదని ముప్పై నలుగురి ముందు అనబుద్ధి కాలేదు.

"లెక్కలో తలుపులున్నాయని ఇచ్చారా?"

"ఇవ్వలేదు సార్."

"ఇవ్వనిది కలపకూడదు. అది మీ నాన్న పని, ఇది లెక్క. కూర్చో."

కూర్చుంది. ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ మధ్యాహ్నమే నాన్న వచ్చాడు. సొసైటీ గోడౌనులో ఎరువు కోసం జాన్‌బాబు మావయ్య బండి మీద వచ్చి, ఎలాగూ వచ్చాను గదా అని బడి చూడ్డానికొచ్చాడట. నేను చదివిన ఏ బడికీ ఆయన రాలేదు. పిల్లలు వెళ్లిపోయారు. సీతారావమ్మ ఒక్కతే నల్లబోర్డు తుడుస్తోంది, ఆ వారం ఆమె వంతు. నాన్న తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని, లోపలికి రావచ్చో లేదో అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

"రా నాన్నా."

"గోడ మీద అదేంట్రా?"

చెప్పాను. ఒక్కో చుక్కా చూపించి చెప్పాను. ఆయన వేలితో గీత మీద మెల్లిగా నడుచుకుంటూ పోయి ఎర్ర గుర్తు దగ్గర ఆగాడు.

"మంగళవారానికి మన తూముకి నీళ్లంటావా?"

"లెక్క ప్రకారం అంతే."

"ఇక్కడ లాకు కాడ ఆపరా?"

బోర్డు తుడుస్తున్న చప్పుడు ఆగింది.

"అన్నీ చూసే రేడియోలో చెబుతారు నాన్నా" అన్నాను.

సీతారావమ్మ నా వంక చూసింది. నేను అటు చూడలేదు.

నాన్న సాయంత్రమే విత్తనం నానబెట్టాడు. మా ఊళ్లో ఎవరూ అలా చెయ్యరు. తూములోకి నీళ్లొచ్చాక నానబోస్తారు. ఒక రోజు నానాలి. తర్వాత గోతం చుట్టి మండె కట్టి మొలక రప్పించాలి. మొలక వచ్చాక ఆ విత్తనం ఎవరికోసమూ ఆగదు. దమ్ము చేసిన ఆకుమడిలో, అంటే నారుమడిలో, పడాల్సిందే, లేకపోతే కోళ్లకి పొయ్యాల్సిందే. ఈ సంగతి నాన్నకి నేర్పాల్సిన పని లేదు. అయినా నానబోశాడు. ముందుగా ఆకు పోస్తే ముందుగా ఊడ్పు.

మా గుడిలో ఏటా విత్తనాల ఆదివారం ఉంటుంది, ఆ ఏడు అది మర్నాడే. ఎవరి విత్తనం వాళ్లు గిన్నెల్లో, బుట్టల్లో తెచ్చి పీఠం ముందు పెడితే ఫాదర్ గారు దీవిస్తారు. అందరూ ఎండు విత్తనం తెచ్చారు. మా అమ్మ తెరేసమ్మ తెచ్చిన బుట్టలోంచి నీళ్లు కారుతున్నాయి. జాన్‌బాబు మావయ్య వంగి చూశాడు.

"ఏం బావా, తూములో నీళ్లు నీకొక్కడికే కనపడ్డాయా?"

"మంగళవారానికొస్తాయి. మావాడు లెక్కగట్టాడు."

"ఎవరు, అంతోనా? పేపర్లో రాశారా?"

"గోడ మీద గీశాడు. నేను కళ్లారా చూసొచ్చా."

మా నాన్న గుడిలో అంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. నలుగురూ తిరిగి నన్ను చూశారు. ఆ సాయంత్రం రేడియో ఇరవై అని చెప్పింది. గీత మీదే ఉంది చుక్క. నాన్న మండె కట్టాడు.

సోమవారం పొద్దున లాకు దగ్గర సైకిలు దిగాను. ఎగువన కాలువ నిండుగా, ఎర్రగా, గట్టు అంచుదాకా ఉంది. తలుపులు దించేశారు. దిగువన, మా ఊరి వైపు, పగుళ్లిచ్చిన కాలువలో నాలుగు గేదెలు నిలబడి ఉన్నాయి. పుల్లయ్య తలుపు పైన చట్రానికి గ్రీజు పూస్తున్నాడు.

"ఎన్నాళ్లాపుతారు పుల్లయ్య గారూ?"

"ఎగువ తూములన్నీ అందుకోవద్దా మాస్టారూ. శనివారం ఎత్తమన్నారు." ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "మా పిల్ల చెప్పలేదా? తనకి లెక్క రాదన్నారని శనివారం అన్నం తినలేదు."

రాదని నేననలేదు. కాని పిల్లకి వినపడింది అదే. ఆ రోజు పాఠం ఏం చెప్పానో గుర్తులేదు. గ్రాఫులో ఇరవై రెండు దగ్గర చుక్క పెట్టాం. నేను గీసిన గీత కింద అది విడిగా ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి నాన్న వాకిట్లో కూర్చుని గోతం మీద నీళ్లు చల్లుతున్నాడు. తలుపులు దించారని చెప్పాను. శనివారం దాకా ఎత్తరని చెప్పాను. ఆయన గోతం కొంచెం విప్పి లోపల చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. గింజ గింజకీ తెల్లగా ముక్కు వచ్చింది. అంత చక్కగా మొలక కట్టడం ఆ ఏడే చూశానని అమ్మ తర్వాత ఎన్నోసార్లు అంది.

"రేపు పడకపోతే వేళ్లు అల్లుకుపోతాయి" అన్నాడు నాన్న. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"లాకు కాడ నీళ్లున్నాయా?"

"నిండుగా ఉన్నాయి."

"నీళ్లు ఇక్కడికి రాకపోతే విత్తనాన్ని అక్కడికి తీసుకుపోండి. తెల్లారి జాన్‌బాబు బండి అడుగుతా. అక్కడ మడి ఎవరిస్తారో నువ్వు చూడు. పిల్లలకి చదువు చెబుతున్నావుగా, ఒక్క ఇంటివాళ్లన్నా ఇవ్వరా?"

మంగళవారం, గీత ప్రకారం మా తూముకి నీళ్లు రావాల్సిన రోజు, మేము ఎదురెళ్లాం. రెండు గోతాలు బండి మీద. జాన్‌బాబు మావయ్య ఎడ్లని అదిలిస్తూ దారంతా ఒకటే మాట.

"నీళ్లు దిగువకి పారడం చూశాను గాని బావా, విత్తనం ఎగువకి పారడం ఇదే చూడ్డం."

నాన్న నవ్వలేదు. నేను సైకిలు మీద వెనకే వస్తున్నాను.

పుల్లయ్య మా మాట విని లాకు పక్కన గట్టు కింద పల్లపు నేల చూపించాడు. ఇరవై సెంట్ల ముక్క. బెండ, గోరుచిక్కుడు ఉన్నాయి.

"రెండు గోతాలకి చాలదు. ఒక గోతానికి చాలుద్ది. అయినా అది నాది కాదు మాస్టారూ, మా పిల్లది. దుక్కి నుంచి నీళ్ల దాకా అదే చూసుకుంటది. దాన్నడగండి."

సీతారావమ్మ బిందె చంకన పెట్టుకుని అక్కడే ఉంది. నాన్న బండి పక్కన నిలబడి ఉన్నాడు, వినపడేంత దూరంలో. శనివారం నువ్వు చెప్పింది నిజమే, నేను వినలేదు అని ఆ పిల్లతో అనాలి. అంటే నాన్న వింటాడు.

"మడి కావాలమ్మా, విత్తనం పాడైపోతుంది" అని మాత్రం అన్నాను.

ఆ పిల్ల బిందె దింపింది. "బెండకాయలు కోసుకుంటా సార్. రెండు రోజుల్లో ముదిరిపోతాయి" అంది. కోసుకుంది. ముదరని గోరుచిక్కుడు కూడా పీకేసింది. సాయంత్రానికల్లా పుల్లయ్య చిన్న తూము తెరిచాడు, మావయ్య ఎడ్లు దమ్ము చేశాయి, నాన్న మోకాలి లోతు బురదలో దిగి చల్లాడు. అంచులదాకా చల్లినా రెండో గోతం అలాగే మిగిలింది. మర్నాటికి అది తెరిస్తే వేళ్లు అల్లుకుపోయి చాపలా లేచి వచ్చింది.

బుధవారం క్లాసులో నా గీత పక్కన నిలబడ్డాను. "ఇది తప్పు. సీతారావమ్మ చెప్పింది ఒప్పు. ఇప్పుడు తనే గీస్తుంది" అన్నాను. పిల్లల ముందు అనడం అంత కష్టం కాలేదు. ఆమె ఇరవై రెండో మైలు దగ్గర శనివారం దాకా తిన్నగా అడ్డంగీత గీసి, అక్కణ్నుంచి పైకి తిప్పింది. మేము రేడియోలో వినే అంకెలు ఆ గీత మీద ఒక్కొక్కటిగా వచ్చి కూర్చున్నాయి. ఆ వారమంతా నేను లెక్క ఇచ్చినప్పుడల్లా, లెక్కలో ఏమివ్వలేదో అది ముందు చెప్పమన్నాను. గోడ కట్టే కూలీలకి వాన, పండగ, జ్వరం, పెళ్లి అన్నీ వచ్చాయి. రామకోటేశ్వరరావు గారు ఒకసారి విని, "గోడ ఈ జన్మకి లేచేట్టు లేదు" అన్నారు.

నాన్న రోజూ సాయంత్రం మడి చూసుకోవడానికి ఆరు మైళ్లు నడిచి వచ్చేవాడు. బడి కిటికీ దగ్గర ఆగి సీతారావమ్మని అడిగేవాడు.

"ఇవాళెంతమ్మా?"

"ఇరవై రెండేనండి, సారు నాన్నగారూ. శనివారం ఎత్తుతారు. మీకు సోమవారం."

సోమవారమే వచ్చాయి. నన్నడగలేదు ఆయన ఒక్కరోజు కూడా.

ఊరంతా అప్పుడు విత్తనం నానబోసుకుంది. మా ఆకు అప్పటికే బెత్తెడుంది. కాని ఎకరన్నరకే చాలుతుంది. కామందు వచ్చి చూసి, ఎకరన్నర నాన్నకి ఉంచి, ఎకరం జాన్‌బాబు మావయ్యకిచ్చాడు. ఆ సాయంత్రం మావయ్య మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. తాగి వెళ్లిపోయాడు. ఆ ఏడు నుంచి మా అమ్మ వేరేవాళ్ల ఊడ్పులకి కూలికి వెళ్లడం మొదలుపెట్టింది.

ఆకు తీసిన రోజు ఆదివారం కాబట్టి నేనూ వెళ్లాను. పూజయ్యాక బయల్దేరి వెళ్లేసరికి నాన్న ఒక్కడే మడిలో వంగి ఉన్నాడు. పంట్లాం మడిచి దిగాను. పక్కపక్కన పీకుతున్నాం. ఆయన నాలుగు కట్టలు కట్టేలోపు నేనొకటి కడుతున్నాను. లాకు తలుపుల కిందనుంచి నీళ్లు మా ఊరి వైపు హోరున పోతున్నాయి. నెల రోజులుగా చెప్పలేకపోయిన మాట అక్కడ బయటకొచ్చింది.

"నాన్నా, ఆ పిల్ల శనివారమే చెప్పింది. నువ్వు బడికి రాకముందే. తలుపులు దించుతారని చెప్పింది. నేను కూర్చోమన్నాను. నువ్వడిగినప్పుడు కూడా తెలిసే అబద్ధమాడాను."

ఆయన ఆకు వేళ్లకంటిన మట్టి నీళ్లలో జాడించాడు. కట్టకి ముడి వేశాడు.

"తెలుసు. మడి అడగటానికొచ్చిన రోజునే పుల్లయ్య చెప్పాడు."

"మరి నన్నేమీ అనలేదేం?"

"నువ్వు చెబుతావేమోనని చూశా." ఇంకో పిడికెడు పీకాడు. "రోజూ వచ్చి ఆ కిటికీ కాడ నిలబడింది ఎందుకనుకున్నావు?"

ఆయన నా చేతిలో ఉన్న ఆకు తీసుకుని, వేళ్లు తెగకుండా ఎలా పట్టుకుని పీకాలో మళ్లీ ఒకసారి మెల్లిగా చూపించాడు.